నీళ్ళు ఎంత పోసినా రోస్ట్ ఎండిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: వందనాలు అక్కా. మాది ఖమ్మం దగ్గర ఊరు. పెళ్ళయ్యాక టెక్సస్ వచ్చి నాలుగేళ్ళయింది. మా చర్చిలో ఒక పెద్దావిడ ఇంట్లో బీఫ్ పాట్ రోస్ట్ (పెద్ద ముక్కను ముక్కగానే మూతపెట్టి నెమ్మదిగా ఉడికించేది) పెట్టారు. ఫోర్క్ ఆనిస్తే చాలు, విడిపోయింది. ఆ రుచి మనసులో పెట్టుకుని స్లో కుక్కర్ (గంటల తరబడి మెల్లగా ఉడికించే కరెంటు కుండ) కొన్నాను. మూడు ఆదివారాలు చేశాను, మూడుసార్లూ పాడైంది. కొవ్వు లేకుండా శుభ్రంగా కనిపించిందని ఐ ఆఫ్ రౌండ్ 3 పౌండ్ల ముక్క తెచ్చాను. చర్చికి బయల్దేరేముందు ఫ్రీజర్‌లోంచి తీసి కుక్కర్లో పడేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, 'హై' (ఎక్కువ వేడి) మీద 4 గంటలు పెట్టాను. రబ్బరు. రెండోసారి ఇంకా నీళ్ళు పోశాను, అదే రబ్బరు. మూడోసారి ఇంట్లోనే ఉండి, అరగంటకోసారి మూత తీసి చూస్తూ 7 గంటలు ఉంచాను. ఈసారి పీచులు పీచులుగా విడిపోయింది గానీ, నమిలితే ఎండుగడ్డే. అన్ని నీళ్ళలో ఉడికింది ఎండిపోవడమేంటక్కా? మా అమ్మ పెద్దకూర కుక్కర్లో పెడితే 7 విజిల్స్‌కి వెన్నలా అయ్యేది. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు. ఇష్టంగానే తింటారు కానీ పళ్ళు సరిగా లేవు. టెన్షన్‌గా ఉంది. పచ్చి బొప్పాయి రుద్దితే మెత్తబడుతుందా? మన మసాలాలు వేసుకోవచ్చా?

జవాబు: వందనాలు చెల్లీ. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా.

నీ రోస్ట్ వంటింట్లో పాడవలేదు, మాంసం కౌంటర్ దగ్గరే పాడైంది. ఆ ఐ ఆఫ్ రౌండ్ చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. గుండ్రంగా, ఎర్రగా, ఒక్క తెల్ల గీత కూడా లేకుండా. అది వెనక తొడలో కండ. కొవ్వు దాదాపు ఉండదు, జిగురు కూడా తక్కువే. ఓవెన్‌లో చిన్న సెగ మీద లోపల గులాబీ రంగు ఉండగానే తీసి, కాగితమంత పల్చగా కోసుకుని శాండ్‌విచ్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. గంటల తరబడి ఉడకబెట్టడానికి అది పుట్టలేదు.

నీళ్ళలో ఉండి ఎలా ఎండింది అని అడిగావు. కండ లోపల నీళ్ళు సన్నటి దారాల్లాంటి పోగుల్లో ఉంటాయి. వేడి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేసరికి ఆ పోగులు బిగుసుకుంటాయి. తడిబట్టను పిండినట్టు లోపలి నీళ్ళను బయటికి తోసేస్తాయి. అలా బయటపడ్డ నీళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళవు. చుట్టూ కప్పు నీళ్ళున్నా కుండెడు నీళ్ళున్నా కండకు ఒకటే. నువ్వు నీళ్ళు పెంచినకొద్దీ రసం పల్చబడిందే గానీ మాంసానికి ఒరిగిందేమీ లేదు.

అయితే ఆ పెద్దావిడ రోస్ట్ కూడా అంత వేడిలోనే ఉడికింది, దాని నీళ్ళూ బయటికే పోయాయి. అది ఎందుకు మెత్తగా ఉంది? ఆవిడ వాడింది చక్ అయ్యుంటుంది. పశువు భుజం దగ్గరి మాంసం. రోజంతా బరువు మోసి నడిచే భాగం కాబట్టి కండల మధ్య తెల్లటి పొరలు, జిగురు, కొవ్వు గీతలు దండిగా ఉంటాయి. ఆ జిగురులో ఉండేది కొల్లాజెన్. పచ్చిగా ఉన్నప్పుడు తోలులా గట్టిగా ఉంటుంది. ఎక్కువసేపు తడి వేడిలో ఉంటే కరిగి జెలటిన్ అవుతుంది. పాయా తాగాక పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయి చూడు, అదే జెలటిన్. చక్ లోపల ఆ పాయా తయారై ప్రతి పోగుకీ పూత పూస్తుంది. పోగులో నీళ్ళు తగ్గినా నోటికి ఆ లోటు తెలియదు. నీ ఐ ఆఫ్ రౌండ్‌లో కరగడానికి అంత సరుకే లేదు. అందుకే మూడోసారి విడిపోయింది కానీ మెత్తబడలేదు.

మీ అమ్మగారి లెక్క కూడా ఇదే. పెద్దకూర అంటే ఎముకతో, జిగురుతో, కొంచెం కొవ్వుతో కొట్టించిన చిన్న ముక్కలు. పైగా ప్రెషర్ కుక్కర్లో వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా పోతుంది కాబట్టి కొల్లాజెన్ త్వరగా కరుగుతుంది. స్లో కుక్కర్ నీళ్ళు మరిగే వేడి దాటదు, ఆ వేడికి చేరడానికే గంటలు తీసుకుంటుంది. ముక్క కూడా ఇటుకంత. కాబట్టి విజిల్స్ లెక్క పక్కన పెట్టెయ్.

ఈసారి కౌంటర్ దగ్గర చక్ రోస్ట్ అని అడుగు. లేబుల్ మీద చక్ షోల్డర్, చక్ ఐ, సెవెన్ బోన్ రోస్ట్ అని రకరకాలుగా ఉంటుంది. సెవెన్ బోన్ అంటే ఏడు ఎముకలు కాదు, ఎముక 7 అంకె ఆకారంలో ఉంటుందని ఆ పేరు. నేను మొదటిసారి చూసి ఇన్ని ఎముకలకి డబ్బులెందుకు అని వదిలేసి వచ్చాను, నవ్వకు. నాణ్యత గ్రేడు 'ఛాయిస్' ఉంటే చాలు, దానికన్నా పై గ్రేడు 'ప్రైమ్' దీనికి దండగ. చేత్తో పట్టుకుని చూడు. ఎరుపులో తెల్ల గీతలు నేతలో జరీలా కనిపించాలి. 'లీన్' (కొవ్వు తక్కువ) అని రాసి ఉంటే అక్కడే పెట్టెయ్. కొవ్వు గురించి బెంగ వద్దు, వండాక పైకి తేలుతుంది, గరిటెతో తీసెయ్యొచ్చు.

ఫ్రీజర్‌లోంచి నేరుగా వేశానన్నావు. ఇది రుచి సంగతి కాదు, కడుపు సంగతి, కాబట్టి అక్కగా కొంచెం గట్టిగానే చెప్తా. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. గడ్డకట్టిన 3 పౌండ్ల ముక్క స్లో కుక్కర్లో ఆ మధ్యనే చాలాసేపు కూర్చుంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా స్లో కుక్కర్లో వేసే మాంసాన్ని ముందు కరిగించుకోమనే చెప్తుంది. ముందురోజు ఫ్రిజ్ కింది అరలోకి దించు. నీ మొదటి రెండు రోస్టులు రబ్బరులా ఉండడానికీ ఇది ఒక కారణం. నువ్వు లెక్కపెట్టిన 4 గంటల్లో చాలా భాగం మంచు కరగడానికే పోయింది.

ఇప్పుడు టైమ్. బీఫ్ రోస్ట్ లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చి 3 నిమిషాలు ఆగితే తినడానికి భయం లేదని అదే శాఖ లెక్క. చక్ ఆ వేడి దగ్గర భయం లేకుండా తినొచ్చు గానీ నమలలేవు. ఫోర్క్‌కి విడిపోవాలంటే 195 నుంచి 205 దాకా ఎక్కి, అక్కడ కాసేపు నిలవాలి. 3 పౌండ్ల ముక్కకి 'లో' (తక్కువ వేడి) మీద 8 నుంచి 10 గంటలు, హై మీద 5 నుంచి 6 గంటలు పడుతుంది. లో అయినా హై అయినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, చేరే వేగమే తేడా. నేనైతే లో అంటాను. నా పాత కుక్కర్లో 10 గంటలు పట్టేది ఇప్పటి కొత్తదాంట్లో 8 గంటలకే అయిపోతోంది. నీ యంత్రం సంగతి ఒకటి రెండుసార్లు చేస్తే నీకే తెలుస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకో. 8 గంటలకి ఫోర్క్ గుచ్చి తిప్పితే ముక్క ఎదురు తిరిగిందనుకో, 'అయ్యో ఎక్కువ ఉడికి గట్టిపడింది' అని ఆపేయకు. చక్ గట్టిగా ఉందంటే ఇంకా ఉడకలేదని. మూత పెట్టి ఇంకో గంట వదిలెయ్. చాలామంది ఇక్కడే కంగారుపడి ఆపేసి, కోసి, వడ్డించి, బాధపడతారు.

మూత మాటకొస్తే, తీసిన ప్రతిసారీ లోపలి ఆవిరి పోతుంది, అది మళ్ళీ కూడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అరగంటకోసారి తీసి చూశావంటే కుక్కర్ ఎప్పటికప్పుడు మొదటికొస్తూనే ఉంది. గాజు మూత కదా, బయటినుంచే చూసి ఆనందించు.

ఇక చేసే పద్ధతి. ముందురోజు రాత్రి ముక్కకి రెండు టీస్పూన్ల మామూలు ఉప్పు, దంచిన మిరియాలు అన్నివైపులా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. కుక్కర్ కుండలో పెట్టకు, వేరే గిన్నెలో పెట్టు. చల్లటి పింగాణీ కుండ వేడికి పగలొచ్చు, పగలకపోయినా వేడెక్కడం ఆలస్యం. పొద్దున తీసి పేపర్ టవల్‌తో పొడిగా అద్ది, మందపాటి పెనం బాగా కాగాక నూనె వేసి, ఒక్కో వైపు 4, 5 నిమిషాలు కదపకుండా వదిలెయ్. ముదురు గోధుమ రంగు రావాలి. అపార్ట్‌మెంట్ అయితే ముందు కిటికీ తెరిచి ఫ్యాన్ వేసుకో, పొగ అలారం మోగి పక్కింటివాళ్ళు తలుపు కొట్టిన అనుభవం నాకుంది. ఇలా వేయిస్తే రసం లోపల బంధించబడుతుందని కొందరు చెప్తారు, అదేం లేదు. వేయించేది రుచి కోసం. ఉల్లిపాయ ఎర్రగా వేగిన కూరకీ ఉడికించిన ఉల్లిపాయ కూరకీ తేడా నీకు తెలుసు కదా, ఇదీ అంతే. స్లో కుక్కర్ తనంతట తాను ఆ ఎరుపు తేలేదు, మనమే ఇచ్చి పంపాలి.

ముక్క తీశాక అదే పెనంలో రెండు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా కోసి వేయించు. ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక స్పూను టొమాటో పేస్ట్ వేసి రంగు మారేదాకా కలుపు. ముప్పావు కప్పు ఉప్పు తక్కువున్న బీఫ్ బ్రాత్ (మాంసం ఉడికించిన రసం) పోసి, పెనానికి అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకు. రుచంతా అక్కడే ఉంది. ఒక స్పూను వూస్టర్‌షైర్ సాస్, రెండు బిర్యానీ ఆకులు, దొరికితే రెండు థైమ్ రెమ్మలు. ముప్పావు కప్పు చాలా అని అనుమానం వస్తుంది. చాలు. స్లో కుక్కర్లోంచి ఆవిరి పెద్దగా బయటికి పోదు, మాంసం, ఉల్లి, క్యారెట్ వదిలే నీళ్ళతో చివరికి రెండు కప్పుల రసం దాకా అవుతుంది. ముక్క మునగక్కర్లేదు.

కుండలో ముందు ఆలుగడ్డ, క్యారెట్ వెయ్, వాటిమీద మాంసం, పైన ఉల్లి రసం. చిత్రం ఏంటంటే ఇందులో దుంపలు మాంసం కన్నా మొండివి, అడుగున వేడికి దగ్గరగా ఉంటేనే ఉడుకుతాయి. పసుపు రంగు యూకాన్ గోల్డ్‌గానీ చిన్న ఎర్ర దుంపలుగానీ తీసుకో, రస్సెట్ అయితే చివరికి పిండి అయి రసంలో కలిసిపోతుంది. క్యారెట్ రెండంగుళాల ముక్కలు. కుండ సగానికి పైన, మూడింట రెండు వంతులకి లోపల నిండాలి.

అయ్యాక ముక్కను తీసి పావుగంట ఆగు. రసం మీద కొవ్వు తీసి, స్టవ్ మీద గిన్నెలో మరిగించి, రెండు స్పూన్ల కార్న్ స్టార్చ్ చల్లటి నీళ్ళలో కలిపి పోస్తే గ్రేవీ చిక్కబడుతుంది. మన ఊళ్ళో కార్న్‌ఫ్లోర్ అనేది ఇదే. ఇక్కడ కార్న్ ఫ్లోర్ అని తెస్తే మొక్కజొన్న పిండి వస్తుంది, జాగ్రత్త.

బొప్పాయి వద్దు. హైదరాబాద్‌లో కబాబులకి పచ్చి బొప్పాయి పట్టిస్తారు, అవి పల్చటి ముక్కలు, నిప్పు మీద నిమిషాల్లో అయిపోతాయి. బొప్పాయి పాలు లోతుకు దిగవు. స్లో కుక్కర్ మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి ఆ పాలకి పని చేయడానికి బోలెడంత టైమ్ దొరికి, ముక్క పైపొర ముద్దలా అవుతుంది, లోపల ఎప్పటిలాగే ఉంటుంది. చక్‌కి ఆ సాయం అక్కర్లేదు.

మసాలా వేసుకోవచ్చు, కానీ మొదటిసారి వద్దు. ముందు దాని రుచి దానిగా ఒకసారి చూడు. తర్వాత వేసుకోవాలనిపిస్తే అల్లం వెల్లుల్లి ముద్దను ఉల్లిపాయతో పాటు పెనంలో బాగా వేయించి వెయ్. పచ్చిగా కుండలో వేస్తే 8 గంటల తర్వాత కూడా పచ్చివాసన అలాగే ఉంటుంది. లవంగాలు రెండుకి మించొద్దు, మూతపెట్టిన కుండలో అంతసేపు ఉంటే వాటి ఘాటు మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది. పెరుగు, క్రీమ్ చివరి అరగంటలోనే, ముందే వేస్తే విరిగిపోతాయి. పులుపు కావాలంటే మిసిసిప్పీ రోస్ట్ అని ఒకటి ఉంది. మిసిసిప్పీ రాష్ట్రం రిప్లీలో రాబిన్ చాప్‌మన్ అనే ఆవిడ 1990లలో మొదలుపెట్టారు. చక్ ముక్క మీద రాంచ్ అనే సలాడ్ డ్రెస్సింగ్ పొడి ప్యాకెట్, గ్రేవీ పొడి ప్యాకెట్, వెన్న, ఊరబెట్టిన పెపరోన్‌చీనీ మిరపకాయలు వేసి వదిలేయడమే. ఉప్పు బాగా ఎక్కువ, ప్యాకెట్లు సగం వేస్తే సరిపోతుంది. ఊరగాయ పులుపు అలవాటైన నాలుకకి నచ్చుతుంది.

చర్చి టైమ్ గురించి ఆలోచించాను. ఈ యంత్రం వెనక కథ కూడా ఇలాంటిదే. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీర్ దీనికి 1940లో పేటెంట్ పొందాడు. వాళ్ళ అమ్మ లిథువేనియాలోని యూదు కుటుంబంలో పుట్టింది. యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు రోజున పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం పొద్దుగూకక ముందే చోలెంట్ అనే మాంసం, గింజల కూర కుండను బేకరీకి పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. బేకరీ పొయ్యి ఆరుతూ ఆరుతూ రాత్రంతా దాన్ని ఉడికించేది. ఆ ముచ్చట కొడుక్కి చెప్పింది. నాక్సన్ కంపెనీని రైవల్ అనే సంస్థ 1970లో కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారుకు తెచ్చింది. నేను సికింద్రాబాద్ పిల్లని, నాకు ఇది వింటే నిహారీ డేగిసాలే గుర్తొస్తాయి. రాత్రంతా సన్న సెగ మీద ఉండి తెల్లారేసరికి సిద్ధం. నల్లి ఎముక, జిగురు, రాత్రంతా టైమ్, అక్కడా అవే.

ఆరాధన మూడు గంటలే కదా, అది చాలదు. ఆదివారమే వండాలంటే పొద్దున 5:30కి లో మీద పెట్టు, 2 గంటల భోజనానికి వస్తుంది. చాలా మెషిన్లు టైమ్ అవ్వగానే 'వార్మ్' (వేడిగా ఉంచే) సెట్టింగ్‌లోకి మారతాయి, అందులో గంటా రెండు గంటలు ఉన్నా నష్టం లేదు. కానీ అత్తగారు ఉన్నప్పుడు 5 గంటలకి లేచి పెనం ముందు పొగలో నిలబడడం ఎందుకు? శనివారం పగలే వండెయ్. లోతు తక్కువ గిన్నెలోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు. ఆదివారానికి రసం జెల్లీలా గడ్డకట్టి, కొవ్వు పైన తెల్లటి పలకలా తేలుతుంది, చేత్తోనే తీసేయొచ్చు. చల్లటి ముక్క పీచుకి అడ్డంగా చక్కగా తెగుతుంది. చర్చినుంచి రాగానే ఆ రసంలోనే వేసి స్టవ్ మీద మూతపెట్టి పొగలు కక్కేదాకా వేడిచెయ్. చల్లబడ్డదాన్ని వేడి చేయడానికి స్లో కుక్కర్ వాడకు. నిజం చెప్పాలంటే వండిన రోజుకన్నా మర్నాడే రుచి బాగుంటుంది. మీ అత్తగారి పళ్ళ సంగతి ఏం ఫర్వాలేదు, చిగుళ్ళతో కూడా తినేయొచ్చు.

ఆవిడ రాకముందు ఒకసారి మీ ఇద్దరికే చేసి చూసుకో. 3 పౌండ్ల చక్ ఇద్దరికి రెండు మూడు పూటలు వస్తుంది. సోమవారం మిగిలినదాన్ని చేత్తో విడదీసి, మూకుడులో నూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లి వేసి, అంచులు కరకరలాడేదాకా వేయించు. మిరియాల పొడి చల్లి, వేడన్నంలో రెండు గరిటెల గ్రేవీతో కలుపుకో.